నివాసం లేని ఇల్లు

ముక్కెళ్ళపేట ఎంత చిన్నదంటే, బస్సు ఆగినప్పుడు కండక్టరు ఊరి పేరు కేకవెయ్యడు. దిగేవాళ్ళెవరో అతనికి తెలుసు. వాళ్ళే సంచీలు సర్దుకుని లేస్తారు.

పేరుకి పేట. ఒకప్పుడు అక్కడ తాలూకా కచేరీ ఉండేది. సాలెవీధిలో మగ్గాల చప్పుడుకి పసిపిల్లలు పగటిపూట నిద్రపోయేవాళ్ళు కాదని ముసలివాళ్ళు చెప్పేవారు. రైలుమార్గం కొండకి అవతలి పక్క నుంచి పడింది. కచేరీ రైలున్న చోటికి వెళ్ళిపోయింది. కచేరీ వెంట ప్లీడర్లు, ప్లీడర్ల వెంట పూటకూళ్ళ ఇల్లు, దాని వెనక సంత, ఆఖరికి మగ్గాలు. ఇప్పుడున్నవి నాలుగు వీధులు, ఒక పోలీసు అవుట్‌పోస్టు, కప్పు కూలిన ఖజానా గది, అందులో మేకలు. అయినా ఆ ఊరివాళ్ళని పల్లెటూరివాళ్ళంటే ఊరుకోరు. "మాది పేట" అంటారు.

వెళ్ళేవాళ్ళు వెళ్ళగా మిగిలినవాళ్ళకి ఒక పట్టింపు మిగిలింది. ఆ ఊళ్ళో ఎవరూ ఇంటికి గచ్చు చేయించుకోరు. టీవీ ఉన్న ఇంట్లోనూ, మోటారుసైకిలున్న ఇంట్లోనూ నేల మట్టిదే. ఏటా ఉగాదికి ముందు ఎర్రమన్నూ పేడా కలిపి పాత అలుకు మీద కొత్త అలుకు వేస్తారు. పాతది చెక్కెయ్యకూడదు. అందుకని నేలలు పెరిగాయి. పాత ఇళ్ళల్లో నేల గడపని మింగేసింది. ద్వారబంధం దగ్గర తల వంచకపోతే నుదురు పగులుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాన్ని నుదుటి మీది బొప్పిని బట్టి పోల్చుకుంటారని ఊళ్ళో ఒక ఎకసెక్కం.

ఆ అలుకుకి తొలిచెయ్యి గురవమ్మది. ఊరు కట్టిననాడు మొదటి ఇంటి పొయ్యి దగ్గర మొదటి అరచెయ్యి వేసింది వాళ్ళ ఇంటి ఆడమనిషేనట. అప్పట్నుంచి అత్త చేతి పని కోడలికి వస్తూ ఉంది. ఆ ఇంటి మగవాళ్ళు గుట్ట నుంచి మన్ను తవ్వి ఇళ్ళల్లోకి మోసేవారు. ఆడవాళ్ళు అలికేవారు. చంటిపిల్లలు ఆ పక్కనే పాకేవారు. ఆ పనికి కూలిగా ఊరివాళ్ళు కళ్ళాల దగ్గర మేర గింజలు పోసేవారు. చట్టిలో మిగిలిన అలుకుముద్దనీ, ఇళ్ళన్నీ తుడిచిన అలుకుగుడ్డనీ సాయంత్రం ఇంటికి తెచ్చుకుని గురవమ్మ తన గుడిసె అలుక్కునేది. తన ఇంటికని వేరే మన్ను ఎప్పుడూ తడపలేదు.

వాళ్ళని అలుకుడోళ్ళనేవారు. గురవమ్మ కొడుకుని బళ్ళో వేసినప్పుడు మేష్టరు ఇంటిపేరు అడిగితే కుర్రాడు "అలుకుడు" అన్నాడు. అదే రాశారు. అలుకుడు కొండలరావు పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చేరాడు. ఊరివాళ్ళకి ఇంకా కొండలే.

ఆ ప్రయోగశాలలో తయారైనదే నేలని చదివే యంత్రం. మనిషి ఎక్కడ నడిస్తే అక్కడ అతని చర్మం పొట్టూ చెమటా రాలుతూ ఉంటాయి. మట్టినేల వాటిని తాగుతుంది. పైన కొత్త అలుకు పడి మూసేస్తుంది. మళ్ళీ ఏడు మళ్ళీ అలుకు. సన్నటి గొట్టాన్ని నేలలోకి దించి మట్టికడ్డీని బయటికి తీస్తే, అందులో అలుకు పొరలు ఒకదానిమీద ఒకటి తమలపాకుల కట్టలా ఉంటాయి. యంత్రం ఒక్కొక్క పొరనీ కోసి, ఆ ఏడు ఆ నేల తొక్కింది ఎవరో, ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చి, తెర మీద ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క దారం గీస్తుంది. పుట్టినచోట దారం మొదలవుతుంది, పోయినచోట తెగుతుంది. ఊరంతా కలిపితే నేతగుడ్డలా కనిపిస్తుంది.

పేట కింద ఏటికి ఆనకట్ట కట్టారు. ఊరు ముంపులో పోతుందన్నారు. కచేరీ కాగితాలు ఎప్పుడో చెదలు తిన్నాయి. తాతల కాలంలో వెళ్ళిపోయినవాళ్ళ మనవలు కార్లేసుకుని వచ్చి మాదంటే మాదన్నారు. తగువు తెగక ప్రభుత్వం యంత్రాన్ని నమ్ముకుంది. ఏ ఇంటి నేలని మూడు తరాలు తొక్కారో ఆ ఇంటికి బదులుగా కట్టించే ఇంట్లో వాళ్ళకి వాటా. తొక్కనివాళ్ళు వలసవాళ్ళు. వాళ్ళని ఊరు దాటించడానికి లారీ మాత్రం వస్తుంది.

యంత్రంతో కొండలే వచ్చాడు. వీధుల వెంట ఇల్లిల్లూ తిరిగి పొయ్యి దగ్గర గొట్టం దించాడు. అతని వెనకే గురవమ్మ చట్టి పట్టుకుని వచ్చి, గొట్టం తీసిన చోటల్లా మన్ను మెత్తి అలికింది.

"కొడుకు బొక్కలు పెడతాడు, తల్లి పూడుస్తది!" అంది పక్కింటి దూదేకుల కాశింబీ అరుగు మీద నుంచి. "ఇంటిల్లిపాదికీ పని దొరికిందే గురవమ్మా!"

"నీ నోట్లో గూడా ఇంత మన్ను మెత్తమంటావా?" అంది గురవమ్మ తల ఎత్తకుండానే.

కొండలు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ఉన్నాడు. "అమ్మా, నేను గొట్టం తీసిందాకా నువ్వు ముట్టుకోబాక. నీ చెయ్యి తగిలితే మిషను తప్పు చదువుద్ది."

"నా చెయ్యి తగలని నేల ఈ ఊళ్ళో యాడుందిరా?"

అతను నవ్వాడు. ఆఖరున తమ గుడిసెలో కూడా గొట్టం దించాడు. తల్లి పక్కన గొంతుక్కూర్చుని, "మన నేలకేం నొప్పి పుట్టదు గదా?" అంది.

*

పేట హైదరాబాదులో ఒక గదిలో తెర మీదికి వచ్చింది.

కొండలు అన్నం మానేసి చూశాడు. ఊరు మొదట ఏటి ఒడ్డున పిడికెడు దారాలు. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చి చేరాయి. సాలెవీధి మొదలైంది. ఒక కరువులో, వీధికి సగం దారాలు ఒకే పొరలో తెగిపోయాయి. మళ్ళీ పుంజుకున్నాయి. కచేరీ రోజుల్లో తెర నిండిపోయి, దారానికి దారం తగులుతూ ఉంది. ఒక వానాకాలం చంటిపిల్లల దారాలు, అప్పుడప్పుడే మొదలైన పొట్టివి, ఇంటింటా తెగాయి. కలరా అయుంటుంది. ఆ తర్వాత రైలు. ఇక తెగడం లేదు, వెళ్ళిపోవడమే. అటు చివరికి వచ్చేసరికి గుడ్డ చిరుగులు పట్టింది.

ఆ కిందనే యంత్రం ఇళ్ళకి పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఎవరింట్లో ఎన్ని తరాలు, ఎవరికి వాటా. చివరి ఇంటి దగ్గర ఆగి ఇలా చెప్పింది: నివాసం లేని ఇల్లు.

ఈ మాట అతనికి కొత్త కాదు. ముందు చదివిన ఊళ్ళల్లోనూ ఒకటో రెండో ఇలాంటివి తగిలేవి. గొడ్లపాక అయుంటుందనుకుని ముందుకి పోయేవాడు. ఇప్పుడు మాత్రం ముందుకి పోలేకపోయాడు. అది తను పుట్టిన గుడిసె.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. అది తను పెట్టిందే.

యంత్రం కొత్తలో ఒక చిక్కు ఉండేది. కడ్డీలు తీసేవాళ్ళ చేతుల పొట్టు ప్రతి కడ్డీకీ అంటుకుని, వాళ్ళు కూడా ఆ ఊళ్ళో కాపురమున్నట్టు తెర మీదికి వచ్చేవారు. ఎవరికీ దారి తోచలేదు. అప్పుడు కొండలే అన్నాడు. "మేడమ్, ఒక మనిషి ఒక ఇంట్లో ఉంటాడు. చుట్టరికం ఉంటే రెండు ఇళ్ళల్లో ఉంటాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళల్లోనూ ఉన్నాడంటే అతను మనిషి కాదు, మలినం. తీసేద్దాం." ప్రయోగశాల పెద్ద డాక్టర్ వసుంధర ఎంత సంతోషించిందంటే, దానికి అతని పేరే పెట్టింది. కొండల్ జల్లెడ. జీతగాళ్ళలో అలాంటి గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. ఆ రోజు తల్లికి ఫోను చేసి, "అమ్మా, నా పేరు మిషనుకి పెట్టారు" అని చెప్పుకున్నాడు.

ఇప్పుడు జల్లెడ తీసి చూశాడు.

తెర మీద అన్ని ఇళ్ళల్లోనూ ఒకే దారం. రెడ్డిగారింట్లో, షరాబు ఇంట్లో, అవుట్‌పోస్టులో, కూలిపోయిన ఖజానా గదిలో, అన్నిట్లో అమ్మ. ఆమెకి ముందు నాయనమ్మ. ఆమెకి ముందు ఆమె అత్త. పొర కింద పొర, మొదటి ఇంటి మొదటి పొర దాకా వాళ్ళు. అమ్మ దారం పక్కన ఒక ఏడు, ప్రతి ఇంట్లోనూ, బెత్తెడు దారం ఒకటి మొదలైంది. అలుకు ఆరేదాకా పొయ్యి పక్కన తడిలేని చోట గుడ్డ పరిచి కూర్చోబెట్టిన చంటివాడిది. కొన్నేళ్ళకి ఆ దారం ఆగిపోయింది. బళ్ళో వేసిన ఏడు.

*

డాక్టర్ వసుంధర అంతా విని తెరని తన వైపు తిప్పుకుంది.

"జల్లెడ తీసేస్తే ఏమవుతుందో చూశారా?" అంది. "మీ అమ్మగారికి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వాటా వస్తుంది. ఉన్నదీ, పని చేసిందీ యంత్రానికి ఒకటే. అయితే అన్ని ఇళ్ళూ ఆమెవి, లేకపోతే ఆమె లేదు."

"ఆమె ఒక్కరి విషయంలో తీస్తే?"

"జల్లెడ ఒకచోట తప్పని మన నోటితో మనమే అంటే, అన్ని ఊళ్ళ లెక్కా కొట్టేస్తారు. ఆనకట్ట గేట్లు మాత్రం ఆగవు, కొండలరావూ. ఈ వానలకి దించుతారు. అప్పుడు ఎవరికీ ఇల్లు ఉండదు."

ఆమె గొంతు తగ్గించింది.

"ఒక దారుంది. గ్రామసభ పెట్టి, ఈమె మా ఊరి మనిషేనని సగానికి పైన చేతులెత్తితే డిప్యూటీ కలెక్టరు పేరు కలపొచ్చు. మీ ఊరే కదా. మీ అమ్మని కాదనేవాళ్ళెవరు?"

కొండలుకి గుండెల మీది బరువు దిగినట్టయింది. కాదనేవాళ్ళెవరు?

*

గ్రామసభ బడి ఆవరణలో జరిగింది. డిప్యూటీ కలెక్టరు కుర్చీలో, సర్పంచి వెంగళరెడ్డి పక్క కుర్చీలో. మిగతా ఊరంతా చాపల మీద. గురవమ్మ ఒక చివర తన కొంగు మీదే కూర్చుంది. పేట జనం మొత్తం ఆ ఆవరణలో సరిపోయారు, ఇంకా మేకలు తిరగడానికి చోటు మిగిలింది.

వెంగళరెడ్డి మంచిమాటే మొదలుపెట్టాడు. "గురవమ్మ సంగతి మనకి తెలవందేముంది? మిషనేదో పొరపాటు పడిందంట. చేతులెత్తితే పోయె. ఏరా కొండలూ, నువ్వు కూడా ఒకమాట చెప్పు. చదువుకున్నోడివి."

అక్కడ అతను ఊరుకుని ఉంటే సరిపోయేది. చేతులు అప్పటికే సగం లేస్తున్నాయి. కానీ తెర మీద చూసిన దృశ్యం అతని కళ్ళల్లోంచి పోలేదు. అది వీళ్ళకి చెప్పకుండా ఎలా ఉండటం?

"పొరపాటు కాదు మామా," అన్నాడు. "అమ్మ లేదని కాదు మిషను తీసేసింది. ఎక్కువుందని తీసేసింది. మీ అందరి ఇళ్ళల్లోనూ మా అమ్మ ఉంది. మీకంటే ఎక్కువుంది. నేను కళ్ళారా చూశాను."

మంచిమాట చెబుతున్నాననే అనుకున్నాడు.

షరాబు నరసింహం మెల్లిగా చెయ్యి దించాడు. "అందరి ఇళ్ళల్లోనా?"

"అందరి ఇళ్ళల్లోనూ బాబాయ్."

"మూడు తరాల్నుంచా?"

"మూడేంది? ఊరు పుట్టిన కాణ్ణుంచి."

"అంటే, ఆ లెక్కన..." షరాబు ఆగి, డిప్యూటీ కలెక్టరు వైపు తిరిగాడు. "అయ్యా, మూడు తరాలు తొక్కినోళ్ళకి ఆ ఇంట్లో వాటా అన్నారు గదా. ఈమె మా ఊరి మడిసేనని మేం చేతులెత్తి రాసిచ్చి, రేపు ఈ అబ్బాయి జల్లెడ తీసిన కాయితం పట్టుకుని వస్తే?"

డిప్యూటీ కలెక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అది కోర్టు తేల్చాల్సిన విషయం. నేనేం చెప్పలేను."

కోర్టు అనే మాటకి ఆవరణలో గాలి మారిపోయింది. కచేరీ పోయినా కచేరీ భయం ఆ ఊళ్ళో పోలేదు.

"ఏం మాటలయ్యా అవి?" అన్నాడు కొండలు. "మీ ఇళ్ళు మాకెందుకు? మా గుడిసెకి బదులు గుడిసె చాలు."

"నువ్వు మంచోడివేరా. రేపు నీ పెళ్ళాం, నీ పిల్లలు?" అన్నాడు ఎవరో వెనక నుంచి. "ఆ మిషను దగ్గరుండేదే నువ్వాయె."

వెంగళరెడ్డి మొహం చిన్నబోయింది. "గురవమ్మా, నువ్వు లేకుండా ఊరెక్కడిది? నీ రుణం తీరేది కాదు. కానీ రాతకోతల కాడికి వచ్చేసరికి..."

కాశింబీ లేచి నిలబడింది. "రెడ్డీ, నీ పెళ్ళినాడు మీ ఇంట్లో మీ అమ్మకన్నా ముందు నేల మీద చెయ్యేసింది ఈమె అత్త గాదా? నరసింహం, నువ్వు పుట్టిన మంచం కిందెవురు అలికారు? చేతులెత్తండయ్యా. చేతులే గదా, బండరాళ్ళు గాదు."

ఆమె చెయ్యి ఎత్తింది. ఇంకో ముగ్గురు నలుగురు ఎత్తారు. మిగతావాళ్ళు చాప అంచులు పీకుతూ కూర్చున్నారు. ఎవరూ గురవమ్మని తిట్టలేదు, ఎవరూ ఆమె వైపు చూడలేదు.

డిప్యూటీ కలెక్టరు చేతులు లెక్కపెట్టి కాగితం మడిచాడు.

గురవమ్మ లేచి కొంగు దులుపుకుంది. "పద అబ్బయ్యా. ఎండెక్కుతుంది."

దారిలో కొండలు ఏడ్చాడు. గుడిసె ముందుకి వచ్చాక ఆమె, "నువ్వు చూసింది చెప్పావు," అంది. "వాళ్ళు విన్నది వేరే. నీ తప్పేముందిలే."

*

ఊరు లేచే వారంలో ప్రతి ఇంట్లోనూ గడ్డపారల చప్పుడు. తలుపులు, వాసాలు, ద్వారబంధాలు ఊడదీసుకున్నారు. పొయ్యి దగ్గర నేలని పలకలా కోసి, తడిగోనెలో చుట్టి లారీల్లో పెట్టుకున్నారు. ప్రభుత్వం కట్టించిన కాలనీలో ఇళ్ళన్నీ బండలు పరిచినవే. అయినా పొయ్యి దగ్గర బండ ఒకటి తీయించి, అక్కడ ఈ పలక పెట్టి అలికితేగాని పాలు పొంగించకూడదనుకున్నారు.

వెంగళరెడ్డి భార్య రమణమ్మ ఇంకో నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని గుడిసె దగ్గరికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"గురవమ్మా, కోపముంటది నీకు. మాకు తెలుసు. మగోళ్ళ యవ్వారం అది. కొత్తిళ్ళల్లో తొలిచెయ్యి మాత్రం నువ్వే వెయ్యాల. నీ చెయ్యి పడకుండా మేమెట్టా పొయ్యి వెలిగిస్తాం?"

గురవమ్మ చట్టి కడుగుతూ ఉంది. కడగడం ఆపలేదు.

"మీ ఊళ్ళో నేను లేనని రాసుకున్నారు గదమ్మా. లేని మడిసికి చేతులెక్కణ్ణుంచి వస్తయ్?"

ఆడవాళ్ళలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రమణమ్మ వెనక్కి తిరిగింది. ఆ మర్నాడు లారీలు వెళ్ళిపోయాయి. కాశింబీ ఆఖరి లారీ ఎక్కుతూ, "నా ఇంట్లో ఉండవే, ఇద్దరం ముసలోళ్ళమే గదా," అని చెయ్యి పట్టి లాగింది. గురవమ్మ ఆ చెయ్యి విడిపించుకుని, "నా కొడుకొస్తాడులే," అంది.

కొండలు హైదరాబాదులో గది చూసుకుని తిరిగి వచ్చేసరికి వారం దాటింది. అప్పటికి బస్సు కూడా మానేశారు. అడ్డరోడ్డు దగ్గర దిగి నడిచి వచ్చాడు. ఏరు రెండు గట్లూ నింపి ఎగువకి ఎక్కుతూ ఉంది. సంతబయలు మీద నీళ్ళు పల్చగా పరుచుకుని మెరుస్తున్నాయి.

ఊళ్ళో మొదటి ఇల్లు షరాబుది. తలుపు లేదు, కప్పు లేదు. లోపలికి తొంగి చూసి ఆగిపోయాడు. నేల తడిగా ఉంది. పలక కోసుకుపోయిన గుంట పూడ్చి, గోడ నుంచి గోడకి ఎర్రగా, నున్నగా అలికి ఉంది. పొయ్యి చోట అరచెయ్యి ముద్ర.

పక్కింట్లోకి పరిగెత్తాడు. అక్కడా అంతే. దాని పక్కది, ఎదురుది, రెడ్డిగారిది. సాలెవీధిలో గోడలు కూడా లేని పాడుదిబ్బల మధ్య, నేల అని తెలిసిన ప్రతి చోటా అలుకు. మేకలు కూడా వెళ్ళిపోయిన ఖజానా గదిలో అలుకు. కొన్ని ఆరి తెల్లబారాయి, కొన్ని ఇంకా మెరుస్తున్నాయి. మనిషి లేడు, గొంతు లేదు.

"అమ్మా!" అని అరిచాడు. నాలుగు వీధులూ ఆ కేకకి చాలలేదు.

గురవమ్మ గుడిసెలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మోచేతుల దాకా మన్ను. కాళ్ళు బిగుసుకుపోయి లేవలేకపోయింది. అతను పట్టుకుని నిలబెట్టాడు.

"ఏందమ్మా ఇది? ఎవరికోసం? వాళ్ళు నిన్ను..."

"పీనుగు లేచిన ఇల్లు అలక్కుండా వదిలేస్తామా?" అంది.

అతను గుడిసె నేల వైపు చూశాడు. దుమ్మురేగి, గొట్టం దించిన చోట చిన్నగుంట పడి, ఆ నేల ఒక్కటే పాతగా ఉంది.

"మనది అలకలేదే?"

"మన్ను చాల్లా."

ఆమెని వీపు మీద మోసుకుని గుట్ట ఎక్కాడు. వెనక్కి చూడొద్దని ఆమె అనలేదు. ఇద్దరూ చూశారు. నీళ్ళు అప్పటికి షరాబు ఇంటి గుమ్మంలోకి వచ్చాయి.

*

పనైపోయిన మట్టికడ్డీలని ప్రయోగశాలలో పారేస్తారు. ముక్కెళ్ళపేట పెట్టె పారేసే రోజు కొండలు తమ గుడిసె కడ్డీని మాత్రం పక్కకి తీసి, జల్లెడ లేకుండా యంత్రంలో పెట్టాడు. తమ ఇంట్లో తామెందరున్నారో చూసుకుందామనుకున్నాడు, అంతే.

తెర నిండిపోయింది.

మొదట యంత్రం చెడిందనుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. రెడ్లు, షరాబులు, దూదేకులవాళ్ళు, కరువులో తెగినవాళ్ళు, కలరా పిల్లలు, కచేరీ గుమాస్తాలు, గోడలు కూడా మిగలని ఇళ్ళ సాలెవాళ్ళు, అందరూ అక్కడున్నారు. ఊరంతా తుడిచిన అలుకుగుడ్డని, అలికిన ప్రతి సాయంత్రం ఆ గుడిసె నేల మీదే పిండారు, తరాల తరబడి. ముక్కెళ్ళపేటలో పుట్టిన ప్రతి మనిషీ ఆ చారెడు గుడిసెలో ఉన్నాడు. ఈ ఇంటితో చుట్టరికం లేకుండా వేరే ఇంట్లో కూడా కనిపించిన ప్రతివాడినీ జల్లెడ ఇక్కడి నుంచి ఏరేసింది. అలా ఏరగా ఏరగా ఎవరూ మిగల్లేదు.

డాక్టర్ వసుంధర వచ్చి చూసి కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. "ఒక ఊరి మొత్తం జనం, మొదటి మనిషి నుంచీ! ఇలాంటిది ఇంకెక్కడా లేదు, కొండలరావూ. దీన్ని అద్దాల బీరువాలో పెట్టాలి."

పెట్టారు. ప్రవేశద్వారం ఎదురుగా, పైన దీపంతో. కింద చిన్న ఇత్తడి రేకు. రికార్డులో ఉన్న మాట మార్చడానికి వీల్లేదని ఆఫీసువాళ్ళన్నారు. అందుకని రేకు మీద ఇలా ఉంది: ముక్కెళ్ళపేట. నివాసం లేని ఇల్లు.

కొండలు అద్దెగదిలో నేల నున్నటి టైల్సు. గురవమ్మ దాని మీద కాలు జారకుండా గోడ పట్టుకుని నడుస్తుంది. పొద్దున లేచి గుడ్డ తడిపి తుడుస్తుంది. తుడిచిన గుర్తు నిమిషంలో పోతుంది. మళ్ళీ తుడుస్తుంది. ఆమె కాళ్ళ నుంచి రాలింది ఏదైనా ఉంటే బాత్రూము నీళ్ళల్లో కలిసి పోతుంది.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అద్దాల బీరువా సంగతి అతను ఆ రోజే చెప్పాడు. రేకు సంగతి చెప్పలేదు. ఆమె ఏదో ఆలోచిస్తూ కూర ఇంకాస్త వేసింది.

"అబ్బయ్యా, ఒక మాటడుగుతా. మన ఊరికన్నా ముందు నువ్వు శానా ఊళ్ళు తిరిగావు గదా మిషనేసుకుని."

"ఆఁ."

"ఆ ఊళ్ళల్లో గూడా నాబోటోళ్ళు ఉంటారు గదా. అలికేవోళ్ళు, పురుళ్ళు పోసేవోళ్ళు, ఇంటింటికీ తిరిగి గుడ్డలుతికేవోళ్ళు. వాళ్ళకి ఇళ్ళిచ్చారా?"

కలిపిన ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

గొడ్లపాకలని తను ముందుకి నెట్టేసిన ఇళ్ళు. ఒక ఊళ్ళో, ఎండలో గొట్టం దించి అలిసిపోతే, అలాంటి పాక ముందు నిలబడి ఒకామె చెంబుతో మంచినీళ్ళిచ్చింది. గుడ్డలుతికే చేతులకి నీలిమందు రంగు. అతను తాగి చెంబు తిరిగిస్తుంటే అడిగింది, "మా ఇల్లు గూడా వచ్చుద్దా అయ్యా, నీ మిషన్లో?" అని. అన్నీ వస్తాయమ్మా అన్నాడు. ఆ ఊరి మీద నిరుటి వానలకే అక్కడి ఆనకట్ట నీళ్ళు నిలిచాయి.

"చెప్పవేందిరా," అంది గురవమ్మ. "వాళ్ళనంతా యాడ పెట్టారు?"